చిన్నపిల్ల చూపు, పెద్దల చిన్నచూపు

రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో హార్పర్ లీ నవల ‘టు కిల్ ఏ మాకింగ్‌బర్డ్’ను ఒక్క పేరాలో ప్రస్తావించాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ ఏడాది మరే పుస్తకం మీదా రాలేదు. అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ నవలకే కేటాయిస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగిన చోట ఒకరి ఉత్తరాన్నే అచ్చువేశాను.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సెలవుల్లో చదవమని బడిలో ఈ నవల ఇచ్చారు. ఇందులో అత్యాచారం కేసు ఉందని విని పుస్తకాన్ని బీరువాలో పెట్టాను. అసలు కథ ఏమిటి? ఆ వయసు పిల్లకు ఇవ్వవచ్చునా?
— ఒక తల్లి, మలక్‌పేట

జవాబు: ఇవ్వవచ్చునమ్మా. అయితే దాన్ని బీరువాలోంచి తీసి ముందు మీరు చదవండి, ఆ తరువాత అమ్మాయి చదువుతున్నన్నాళ్లూ రోజూ కాసేపు దాని గురించి మాట్లాడండి.

1960 జూలైలో వెలువడి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందిన ఈ నవల అమెరికా దక్షిణాదిన ఉన్న అలబామా రాష్ట్రంలో, మేకోంబ్ అనే కల్పిత పట్టణంలో, 1933 నుంచి 1935 వరకు జరుగుతుంది. అవి ఆర్థిక మాంద్యం రోజులు. లాయరుకు ఇవ్వవలసిన ఫీజుకు బదులు పేద రైతు కట్టెలూ ఆకుకూరలూ తెచ్చి పెరట్లో పెట్టిపోయే కాలం. ఆ లాయరు పేరు అట్టికస్ ఫించ్. భార్య పోయింది. కొడుకు జెమ్‌కు దాదాపు పదేళ్లు. కూతురు జీన్ లూయిస్‌కు, అంటే అందరూ స్కౌట్ అని పిలిచే పిల్లకు, ఇంకా ఆరు నిండలేదు. పెద్దయ్యాక స్కౌట్ వెనక్కి తిరిగి చూసుకుంటూ చెప్పే కథ ఇది. ఇంటిని నడిపేది కల్పూర్నియా అనే నల్లజాతి స్త్రీ. వేసవుల్లో పక్కింటికి వచ్చే డిల్ అనే కుర్రవాడు వీళ్లకు జత కలుస్తాడు. (రచయిత్రి బాల్యమిత్రుడూ, తరువాత తానూ ప్రసిద్ధ రచయిత అయిన ట్రూమన్ కపోటీయే ఈ డిల్‌కు మూలం.) ఏళ్ల తరబడి గడప దాటని పొరుగువాడు బూ రాడ్లీని ఎలాగైనా బయటికి రప్పించాలన్నది ఈ ముగ్గురి పంతం. పుస్తకంలో మొదటి సగం దాదాపు ఇదే.

రెండో సగంలో, మాయెల్లా ఈవెల్ అనే పందొమ్మిదేళ్ల తెల్లపిల్ల మీద అత్యాచారం చేశాడని టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి యువకుడి మీద నేరం మోపుతారు. అతని తరఫున వాదించే బాధ్యతను కోర్టు అట్టికస్‌కు అప్పగిస్తుంది. ఊరు ఆయన మీద కత్తి కడుతుంది, బడిలో పిల్లలు దెప్పిపొడుపులు పడతారు. ఆ తరువాతి సంగతులు కింద వస్తాయి.

మీ భయం గురించి: ఆ మాటకు అర్థమేమిటని స్కౌట్ స్వయంగా తండ్రినే అడుగుతుంది. ఆయన నిట్టూర్చి, బలవంతంగా, సమ్మతి లేకుండా జరిగేదని చట్టం చెప్పే నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు చెబుతాడు. అంతకు ముందే ఒక సందర్భంలో, పిల్లలు అడిగితే జవాబు చెప్పాలే గాని కథలల్లకూడదనీ, పెద్దలు మాట దాటవేస్తే పిల్లలు ఇట్టే పసిగడతారనీ తన తమ్ముడికి బోధిస్తాడు. మీ అమ్మాయి కూడా అదే మాట మిమ్మల్ని అడుగుతుంది. మీరు సిద్ధంగా ఉండటానికే ముందు చదవమంటున్నాను.

ప్రశ్న: పిల్లలు కన్నతండ్రిని “అట్టికస్” అని పేరు పెట్టి పిలవడం మా అత్తగారికి ససేమిరా నచ్చలేదు. అక్కడ అంతేనా?
— ఒక గృహిణి, వారాసిగూడ

జవాబు: అక్కడ కూడా అందరిళ్లలో అంతే కాదు. ఈ ఇంట్లో పిల్లలకు తండ్రి దగ్గర దాపరికం లేదని రచయిత్రి ఆ ఒక్క పిలుపుతో చెబుతోంది. బయటివాళ్ల దగ్గర మాత్రం ఆయన పిల్లల చేత ‘అయ్యా’ అనీ, ‘అమ్మా’ అనీ మర్యాదగా పలికించే మనిషి. తమ మీద విషం కక్కే ముసలావిడ మిసెస్ డుబోస్ ఎదురైనా టోపీ తీసి పలకరిస్తాడు. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పి చూడండి.

ప్రశ్న: మా తరగతిలో దీన్ని అమెరికా వర్ణవివక్ష కథగా చెప్పి ముగించారు. మనకూ దీనికీ ఏమి సంబంధం? పైగా బూ రాడ్లీ కథా, టామ్ రాబిన్సన్ కథా రెండు వేరు వేరు నవలల్లాగా అనిపించాయి.
— డిగ్రీ విద్యార్థిని, నారాయణగూడ

జవాబు: రెండో మాటతో మొదలుపెడతాను. బూ రాడ్లీ ఆరున్నర అడుగుల మనిషనీ, ఉడతలనూ పిల్లులనూ పచ్చివే తింటాడనీ పిల్లలు చెప్పుకుంటారు. ఆ మాటలు చెప్పినవారెవరూ అతన్ని చూసి ఎరగరు. కుర్రతనంలో చేసిన చిన్న అల్లరికి తండ్రి అతన్ని ఇంట్లో పెట్టి తలుపు వేశాడు. ఊరు ఆ మూసిన తలుపు మీద తనకు తోచిన బొమ్మ గీసుకుంది. ఇదే ఊరు టామ్ రాబిన్సన్‌ను కోర్టులో కళ్లారా చూస్తుంది, అతని మాట చెవులారా వింటుంది, అయినా తన దగ్గర ముందే ఉన్న బొమ్మనే నమ్ముతుంది. మొదటిది పిల్లల ఆట, రెండోది ఒక మనిషి ప్రాణం. ఆటలో పిల్లలు తాము అనుకున్నది తప్పని మెల్లమెల్లగా తెలుసుకుంటారు. రాడ్లీ ఇంటి అంచున ఉన్న ఓక్ చెట్టు తొర్రలో ఒకరోజు చూయింగ్ గమ్, ఒకరోజు పాత నాణేలు, మరొకరోజు సబ్బుతో చెక్కిన రెండు బొమ్మలు దొరుకుతాయి. ఆ బొమ్మలు అచ్చం జెమ్, స్కౌట్‌లలాగే ఉంటాయి. రాత్రిపూట ఆ ఇంటి కంచెకు చిక్కుకుని చిరిగిన జెమ్ ప్యాంటును ఎవరో వంకరటింకర కుట్లు వేసి, మడతపెట్టి కంచె మీద ఉంచుతారు. కుట్టుపని రాని మనిషి వేసిన ఆ కుట్లు నాకు ఈ నవలలో అన్నిటికంటే ఇష్టమైన వస్తువు. చివరికి బూ అన్న నేథన్ ఆ తొర్రలో సిమెంటు పూస్తాడు. ఆ సాయంత్రం జెమ్ ఎవరికీ చెప్పకుండా ఏడుస్తాడు. ఈ పాఠం పిల్లలకు ఒంటబట్టింది కాబట్టే టామ్‌కు వచ్చిన తీర్పు జెమ్‌ను అంతగా దెబ్బతీస్తుంది. పెద్దలకు ఆ పాఠం చెప్పడానికి ఏ చెట్టు తొర్రా లేదు.

ఇక మనకు ఏమి సంబంధమన్నది. ఊళ్లో నాలుగు రకాల మనుషులున్నారని జెమ్ ఒకరోజు చెల్లెలికి లెక్క చెబుతాడు: మనలాంటివాళ్లు, అడవివైపు ఉండే కన్నింగ్‌హమ్‌ల లాంటివాళ్లు, చెత్తకుప్ప పక్కన ఉండే ఈవెల్‌ల లాంటివాళ్లు, నల్లవాళ్లు, ప్రతి రకానికీ తన కిందిదంటే గిట్టదు. ఈ మెట్ల లెక్క మన పిల్లలకు ఎవరైనా కొత్తగా నేర్పాలా? మేనత్త అలెగ్జాండ్రా వచ్చాక ఇంట్లో వంశం మాట మొదలవుతుంది. వాల్టర్ కన్నింగ్‌హమ్ అనే పేద కుర్రవాణ్ణి స్కౌట్ ఇంటికి పిలుస్తానంటే, వాళ్లు మంచివాళ్లే గాని మనవాళ్లు కారని ఆమె కుదరదంటుంది. ఆ వాక్యాన్ని తెలుగులోకి అనువదించవలసిన పని లేదు; సంబంధాలు చూసేటప్పుడు మన ఇళ్లలో అది రోజూ వినబడుతూనే ఉంటుంది.

అదే వాల్టర్ అంతకు ముందు ఒకసారి వాళ్లింటికి భోజనానికి వచ్చి, కంచంలోని కూరల మీదా మాంసం మీదా పాకం ధారగా పోసుకుంటాడు. స్కౌట్ అదేమిటని పైకే అడిగేస్తుంది. కల్పూర్నియా ఆమెను వంటింట్లోకి పిలిచి, ఈ గడపలో కాలు పెట్టిన ప్రతివారూ అతిథులేననీ, నువ్వు వాళ్లకంటే గొప్పదానివైనట్టు ప్రవర్తించకూడదనీ గట్టిగా చివాట్లు పెట్టి, మిగతా అన్నం అక్కడే కూర్చుని తినమంటుంది. లాయరు గారి కూతురికి మనిషిని మనిషిగా చూడమని మొదట నేర్పినది, ఆ ఇంటి ముందుగదిలో అతిథిగా కూర్చునే వీలులేని మనిషి.

ఆ సన్నివేశం చదివినప్పుడల్లా నాకు చిక్కడపల్లిలో మా చిన్ననాటి ఇల్లు గుర్తుకు వస్తుంది. పెరటి కిటికీ గూట్లో ఒక స్టీలు గ్లాసు ఎప్పుడూ బోర్లించి ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట. పనిచేసే ఆమె వచ్చినప్పుడు మా అమ్మ అందులో పైనుంచి కాఫీ పోసేది. ఏడేళ్లప్పుడు నేను ఆడుకుని వచ్చి ఆ గ్లాసుతో నీళ్లు తాగాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అమ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, మళ్లీ గూట్లో బోర్లించి, “అది నీది కాదు నాన్నా” అంది, అంతే. మా అమ్మ దయగల మనిషి. ఆ పనిచేసే ఆమె బిడ్డ పురిటికి తన చీరలిచ్చి పంపింది. అయినా ఆ గ్లాసు గూట్లోనే ఉండేది. చిన్నచూపు అరుపులతో కాకుండా ఇంత మెత్తగా కూడా చేతికి వస్తుందని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. మీ సంబంధం అక్కడ వెతుక్కోండి.

ప్రశ్న: నేను కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. సాక్ష్యం అంత స్పష్టంగా ముద్దాయికి అనుకూలంగా ఉండగా శిక్ష ఎలా పడింది? జడ్జి ఏమి చేస్తున్నట్టు?
— ఒక పాఠకుడు, పురానాపూల్

జవాబు: అయ్యా, మీ వంటివారు అడగవలసిన ప్రశ్నే ఇది. ముందు సాక్ష్యం సంగతి. అబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న నా పాత ప్రతిలో, వాంగ్మూలాల అధ్యాయం మార్జిన్‌లో ముందటి పాఠకులెవరో పెన్సిల్‌తో ఒక ముఖం గీసి, కుడి కన్ను చుట్టూ సున్నా చుట్టి, దాని ఎదురుగా ఒక ఎడమ చెయ్యి వేశారు. కేసు మొత్తం ఆ బొమ్మలో ఉంది. మాయెల్లాకు దెబ్బలు ముఖం కుడివైపున తగిలాయని షెరీఫ్ హెక్ టేట్ చెబుతాడు. ఎదురుగా నిలబడి కుడివైపున అంతగా కొట్టినవాడిది ఎడమచేతి వాటం అయి ఉండాలి. అట్టికస్ ఆమె తండ్రి బాబ్ ఈవెల్ చేత సంతకం చేయిస్తాడు. అతనిది ఎడమచేతి వాటం. టామ్ ఎడమ చెయ్యి పన్నెండేళ్ల వయసులో పత్తి జిన్నింగ్ యంత్రంలో పడి చచ్చుబడింది. ప్రమాణం చేయడానికి ఆ చేతిని బైబిల్ మీద పెడితే అది జారిపోతుంది, మళ్లీ పెట్టబోతుంటే జడ్జి ఇక చాలంటాడు. ఇక డాక్టరును పిలిచినవారే లేరు.

శిక్ష వేయించినది అతను నోరు జారి చెప్పిన ఒక నిజం. ఆమె పిలిచినప్పుడల్లా ఊరికే ఎందుకు పనిచేసి పెట్టావని ప్రాసిక్యూటర్ అడిగితే, ఆమెను చూస్తే జాలి వేసిందంటాడు. నల్లవాడు తెల్లపిల్ల మీద జాలిపడటమా? కోర్టుహాలులో ఆ మాట పడిన తీరును స్కౌట్ గమనిస్తుంది. నిజానికి మాయెల్లా జాలిపడదగిన పిల్లే. చెత్త మధ్య పగిలిన కుండీల్లో ఎర్రటి జెరేనియం పూలు పెంచుకుంటుంది. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఐస్‌క్రీమ్‌కు పంపి టామ్‌తో ఒంటరిగా ఉండటానికి ఏడాది పాటు చిల్లర కూడబెడుతుంది. ఆమే అతన్ని ముద్దుపెట్టుకుంది, తండ్రి కిటికీలోంచి చూశాడు. తన సిగ్గును కప్పుకోవడానికి ఒక మనిషి ప్రాణాన్ని అడ్డం పెట్టే అధికారం ఆ ఊళ్లో అంత నిరుపేద పిల్లకు కూడా ఉంది. బీదరికానికీ జాతి అహంకారానికీ ఉన్న ఈ ముడిని రచయిత్రి ఎక్కడా సుళువు చేయలేదు.

జడ్జి టేలర్ తన చేతనైనది చేశాడు: అనుభవం లేని కుర్ర లాయరుకు కాకుండా అట్టికస్‌కు కేసు అప్పగించినది ఆయనే. కానీ నేర నిర్ణయం ఆయన చేతిలో లేదు, పన్నెండుగురి జ్యూరీ చేతిలో ఉంది. మన దేశంలో కూడా ఆ పద్ధతి ఉండేదని మీకు తెలిసే ఉంటుంది. 1959లో బొంబాయిలో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో, జ్యూరీలో ఒక్కరు తప్ప ఎనిమిది మందీ నిర్దోషి అంటే, సెషన్స్ జడ్జి ఆ తీర్పుతో ఏకీభవించక కేసును హైకోర్టుకు నివేదించాడు, హైకోర్టు శిక్ష వేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో క్రిమినల్ కేసుల్లో జ్యూరీ మనకు పూర్తిగా లేకుండా పోయింది. అలబామాలో అప్పటి జ్యూరీలలో నల్లవాళ్లు ఉండరు, ఆడవాళ్లు ఉండరు. ఇది కల్పన కాదు. 1931లో అదే రాష్ట్రంలోని స్కాట్స్‌బరోలో తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ల మీద ఇద్దరు తెల్లజాతి స్త్రీలు ఇలాంటి ఆరోపణే చేస్తే, వారిలో ఎనిమిది మందికి రోజుల వ్యవధిలో మరణశిక్షలు పడ్డాయి. సరైన న్యాయవాది సహాయం అందలేదని 1932లోనూ, జ్యూరీల నుంచి నల్లవాళ్లను ఉద్దేశపూర్వకంగా తప్పించారని 1935లోనూ అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షలను కొట్టివేయవలసి వచ్చింది.

నవలలో జ్యూరీ కొన్ని గంటలు ఆలోచించాకే దోషి అంటుంది. అట్టికస్ ఆ కొన్ని గంటలనే ఆశగా పట్టుకుంటాడు. విడుదల చేయాలని పట్టుబట్టిన ఒక్కడూ కన్నింగ్‌హమ్‌ల బంధువు. విచారణకు ముందటి రాత్రి జైలు గుమ్మం దగ్గరికి టామ్‌ను చంపడానికి వచ్చిన గుంపులో వాల్టర్ తండ్రి ఉన్నాడు. స్కౌట్ ఏమీ తెలియక అతన్ని గుర్తుపట్టి, “మీ వాల్టర్ మా బడే, అడిగానని చెప్పండి” అన్నట్టు పలకరిస్తే, అతను తలవంచుకుని గుంపును వెనక్కి మళ్లించాడు. అప్పీలు దాకా టామ్ బతకలేదు. జైలు కంచె ఎక్కి పారిపోబోతుండగా కాల్చారు. ఒంట్లో పదిహేడు గుళ్లు.

ప్రశ్న: మాకింగ్‌బర్డ్‌ను తెలుగులో ‘కోయిల’ అనవచ్చునా?
— ఇంటర్ విద్యార్థి, సీతాఫల్‌మండి

జవాబు: అనకండి. కోయిల కాకిగూట్లో గుడ్లు పెడుతుంది. ఎవరికీ హాని చేయని పిట్ట అన్న అర్థం అక్కడే చెడిపోతుంది. మాకింగ్‌బర్డ్ అమెరికా ఖండాల పక్షి, ఇతర పిట్టల కూతలను అనుకరించి పాడుతుంది. అది ఎవరి తోటా పాడుచేయదు, పాడటం తప్ప మరేమీ చేయదు, కాబట్టి దాన్ని చంపడం పాపమని నవలలో పొరుగింటి మిస్ మాడీ వివరిస్తుంది. మన దగ్గర ఆ పక్షి లేదు కాబట్టి పేరును అలాగే ఉంచి, ఈ ఒక్క ముక్క చెబితే సరిపోతుంది.

ప్రశ్న: ఇది నల్లవారి బాధను చెప్పే నవల కాదనీ, తెల్లవాడి మంచితనాన్ని మెచ్చుకునే నవల అనీ ఈమధ్య విమర్శలు చదివాను. నేను ఏటా పిల్లలకు ఇది చదివిస్తాను. మానేయాలా?
— ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, తార్నాక

జవాబు: విమర్శ చాలావరకు నిజం, మీరు చదివించడం మానవద్దు. టామ్ ఈ పుస్తకంలో నోరు విప్పేది ప్రధానంగా బోనులోనే, అదీ లాయర్లు అడిగినప్పుడే. అతని ఇల్లు, అతని పిల్లల భయం, రాత్రులు జైల్లో అతనికి వచ్చిన ఆలోచన మనకు తెలియవు. చనిపోయిన వార్త విని అతని భార్య హెలెన్ కూలిపోవడాన్ని కూడా కారులోంచి చూసిన పిల్లల మాటగా వింటాం. తీర్పు తరువాత బాల్కనీలోని నల్లవాళ్లందరూ లేచి నిలబడి, ఓడిపోయిన అట్టికస్‌ను గౌరవంగా సాగనంపుతారు. మొదటిసారి చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంటుంది: ఆ సాయంత్రం తమ మనిషిని పోగొట్టుకున్నది వాళ్లు, లేచి నిలబడవలసి వచ్చినదీ వాళ్లే.

తన బాధను తానే చెప్పుకున్న గొంతు ఎలా ఉంటుందో మన పిల్లలకు చూపడానికి మనకు జాషువా ఉన్నాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో ఆ పేదవాడికి గుడిలోకి ప్రవేశం లేదు, గుడి కప్పుకు వేలాడే గబ్బిలానికి ఉంది, అందుకని అతను తన మొరను కాశీలోని శివుడికి దాని చేతనే పంపుతాడు. ఆ కావ్యంలో జాలిపడే లాయరు లేడు, అడిగేవాడే ఉన్నాడు. ఈ రెండింటినీ ఒకే వారంలో, పక్కపక్కన పెట్టి చదివించండి.

2015లో వెలువడిన ‘గో సెట్ ఏ వాచ్‌మన్’ అనే పాత రాతప్రతిలో ముసలి అట్టికస్ జాతుల వేర్పాటును సమర్థిస్తాడని చాలామంది బాధపడ్డారు. 1960 నవలను జాగ్రత్తగా చదివితే ఆ నీడ అందులోనే ఉంది. నల్లవాళ్లను హింసించిన తెల్లవాళ్ల ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను, ఎప్పుడో పోయిన రాజకీయ సంఘమని పిల్లలకు తేలిగ్గా చెబుతాడు. చంపడానికి వచ్చిన కన్నింగ్‌హమ్ మూలంగా మంచివాడే అంటాడు. పొరుగువారి మీద ఆయనకున్న ప్రేమ కొన్నిచోట్ల ఆయన కళ్లకు అడ్డం వచ్చింది. 1962 సినిమాలో అట్టికస్‌గా గ్రెగరీ పెక్ నటన చూసినవారికి ఈ మాట మింగుడుపడదు, కానీ విద్యార్థులకు చెప్పవలసినదే.

ప్రశ్న: జీవితమంతా చట్టాన్ని నమ్మిన అట్టికస్ చివర్లో షెరీఫ్ అబద్ధానికి ఎలా ఒప్పుకున్నాడు?
— ఎల్‌ఎల్‌బీ విద్యార్థి, కాచిగూడ

జవాబు: చదవనివారి కోసం: హాలోవీన్ రాత్రి, బడిలో ప్రదర్శన ముగించుకుని చీకట్లో వస్తున్న పిల్లల మీద బాబ్ ఈవెల్ కత్తితో పడతాడు. జెమ్ చెయ్యి విరుగుతుంది. ఎవరో అడ్డుపడి పిల్లలను కాపాడతారు, ఈవెల్ చనిపోతాడు. ఆ అడ్డుపడినవాడు బూ రాడ్లీ. ఈవెల్ తన కత్తి మీద తానే పడ్డాడని షెరీఫ్ రాసేస్తానంటాడు.

అట్టికస్ మొదట పొరబడి, చంపినది జెమ్ అనుకుంటాడు. తన కొడుకు కోసం ఏదీ కప్పిపుచ్చవద్దని గట్టిగా వాదిస్తాడు. షెరీఫ్ కాపాడుతున్నది జెమ్‌ను కాదని అర్థమైన తరువాతే మౌనం వహిస్తాడు. తన బిడ్డ విషయంలో ఒప్పుకోనివాడు, మనుషుల్లోకి రావడమే నరకమైన బలహీనుడి విషయంలో ఒప్పుకుంటాడు. విచారణ జరిగితే బూ విడుదలయ్యేవాడే కావచ్చు. ఊరి ఆడవాళ్లు కేకులు పట్టుకుని గుమ్మం ముందు బారులు తీరేవారు, ఆ దయే అతన్ని చంపేదని షెరీఫ్ వాదన. న్యాయశాస్త్ర విద్యార్థిగా మీరు ఒప్పుకోకపోవచ్చు, నాకు కూడా పూర్తిగా సమ్మతం కాదు. తెల్లవాడి కోసం వంగిన ఆ చట్టం టామ్ కోసం వంగలేదు గదా అన్న ప్రశ్న పుస్తకం మూశాక కూడా నన్ను వదలదు. స్కౌట్ మాత్రం తండ్రికి అభ్యంతరం చెప్పదు. అతన్ని బజారుకు ఈడ్చడం మాకింగ్‌బర్డ్‌ను కాల్చినట్టేనంటుంది.

ఆ తరువాత ఆమె బూను ఇంటికి దిగబెట్టడానికి బయలుదేరుతుంది. చేయి పట్టుకుని చిన్నపిల్లను నడిపించినట్టు నడిపిస్తే పొరుగింటి మిస్ స్టెఫనీ మేడమీది కిటికీలోంచి చూసి నవ్వుతుందేమోనని, అతని మోచేతిని వంచమని చెప్పి తన చేతిని అందులో పెట్టుకుంటుంది. చూసేవారికి ఆర్థర్ రాడ్లీ గారే (బూ అసలు పేరు అది) ఒక అమ్మాయిని మర్యాదగా వెంటబెట్టుకుని నడుస్తున్నట్టు కనబడాలి. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాక ఆ వరండాలో నిలబడి వెనక్కి తిరుగుతుంది. తమ వీధిని ఆ వైపు నుంచి ఆమె అంతకు ముందెన్నడూ చూడలేదు.